ఒళ్లు మరిచిన వైద్యం

మెదడు క్యాన్సర్ అంటే మెదడులో మాత్రమే ఉండే జబ్బు అనుకున్నాను. కణితి ఎంత ఉంది, ఎంత తీశారు, మిగిలింది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే నాకు లోకమైపోయింది. ఆ కణితిని మోస్తున్న మనిషికి చాలా ఏళ్లుగా షుగరుందని, బీపీ ఉందని, వయసు అరవై దాటిందని తెలుసు. తెలిసి కూడా వాటిని చిన్నచూపు చూశాను. అందుకే దీన్ని పొరపాటు అని సర్దుకోలేను. మూర్ఖత్వం అనే అంటాను.

మా అన్నయ్య లెక్కల మాస్టారు. రిటైరై తెనాలిలో స్థిరపడ్డాడు. ఒకరోజు బ్యాంకులో చెక్కు మీద సంతకం పెట్టబోతే కుడిచెయ్యి మాట వినలేదు. వారం తిరక్కుండా ఫిట్స్ వచ్చాయి. గుంటూరులో స్కాన్, హైదరాబాదులో ఆపరేషన్. బయాప్సీ రిపోర్టులో గ్లియోబ్లాస్టోమా, గ్రేడ్ 4 అని వచ్చింది. పెద్దవాళ్లకు మెదడులోనే పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనబడేదీ, అందరినీ ఎక్కువగా భయపెట్టేదీ ఇదే.

ఇంట్లో ఇంగ్లిషు వైద్య వ్యాసాలు చదివి అర్థం చేసుకోగలిగినవాణ్ని నేనొక్కణ్నే. డిగ్రీలో జీవశాస్త్రం చదివిన ధైర్యం. "నువ్వే చూసుకోరా" అన్నారు అందరూ. చూసుకున్నాను. లావాటి ఫైలు ఒకటి తయారుచేశాను. అందులో ఎం.ఆర్.ఐ. రిపోర్టులు, బయాప్సీ, జన్యు పరీక్షలు, విదేశాల్లో జరుగుతున్న కొత్త మందుల ప్రయోగాల వివరాలు అన్నీ తేదీల వారీగా ఉండేవి. అన్నయ్య షుగరు రాసిపెట్టిన కాగితం ఒక్కటి కూడా అందులో లేదు.

రేడియేషన్ డాక్టరుగారి దగ్గరికి మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన ఫైలు ముట్టుకోలేదు. అన్నయ్య వైపు తిరిగి, "మాస్టారూ, స్నానం మీరే చేస్తున్నారా? చొక్కా గుండీలు మీరే పెట్టుకుంటున్నారా? నిన్న ఎంత దూరం నడిచారు? షుగరు ఎంత ఉంటోంది?" అని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. దూరం నుంచి వచ్చిన మమ్మల్ని కుశలప్రశ్నలతో కూర్చోబెడుతున్నాడేమిటీయన అని నాకు చిరాకేసింది. మధ్యలో అడ్డుపడి, "సార్, ఎం.జి.ఎం.టి. జన్యు పరీక్ష రిపోర్టు వచ్చింది, చూడండి" అన్నాను. "చూస్తానండీ, ముందు ఈయన్ని చూడనివ్వండి" అన్నారు.

ఆయన అడిగినవి కుశలప్రశ్నలు కావని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. 1940ల చివర్లో అమెరికాలో డేవిడ్ కార్నోఫ్‌స్కీ, జోసెఫ్ బర్చెనాల్ అనే వైద్యులు క్యాన్సర్ రోగుల శక్తిని కొలవడానికి ఒక పద్ధతి తయారుచేశారు. నూటికి మార్కులు. ఏ ఇబ్బందీ లేకుండా పనులన్నీ చేసుకునేవారికి 100. ఉద్యోగం, బయటి పనులు చేయలేకపోయినా తన ఒంటి పని తాను చేసుకోగలిగితే 70. అప్పుడప్పుడు ఒకరి సాయం కావాలంటే 60, చాలా సాయం కావాలంటే 50. గ్లియోబ్లాస్టోమా వచ్చినవారి భవిష్యత్తు అంచనా వేసేటప్పుడు వయసు, ఆపరేషన్లో ఎంత కణితి తీయగలిగారు, కణితి జన్యు లక్షణాలేమిటి అన్నవాటి పక్కనే ఈ మార్కూ ఉంటుంది. ఆరు వారాల పూర్తి రేడియేషన్ ఇవ్వాలా, పెద్ద వయసువారికి ఇచ్చినట్టు మూడు వారాలకు కుదించాలా, కీమో కలపాలా అన్న నిర్ణయాలు దీని మీద కూడా ఆధారపడి ఉంటాయి. డాక్టరుగారు గుండీల గురించి అడుగుతూ అన్నయ్యకు మార్కులు వేస్తున్నారు. నేను ఆ లెక్కకు అడ్డుపడ్డాను.

నేను కంఠతా పట్టిన అంకె మరొకటి ఉంది: 14.6 నెలలు. 2005లో రోజర్ స్టుప్ బృందం ప్రచురించిన అధ్యయనంలోది. రేడియేషన్‌తోపాటు టెమోజోలమైడ్ అనే మాత్రలు కలిపి ఇస్తే, రోగుల్లో సగం మంది 14.6 నెలలకు పైగా బతికారు. ఒక్క రేడియేషనే ఇచ్చినవారిలో అది 12.1 నెలలు. రెండేళ్లు దాటినవారు మొదటి గుంపులో నూటికి 26 మందికి పైగా ఉంటే, రెండో గుంపులో 10 మంది. ఈనాటికీ గ్లియోబ్లాస్టోమా వైద్యానికి పునాది ఇదే. కానీ ఆ అధ్యయనంలో ఎవరిని చేర్చుకున్నారో నేను పట్టించుకోలేదు. 18 నుంచి 70 ఏళ్లలోపువారు, మేలుకున్న సమయంలో సగానికి పైగా మంచం దిగి తిరగగలిగినవారు, కిడ్నీలు, లివరు, రక్తకణాలు సరిగ్గా ఉన్నవారు. అంటే ఆ మందును తట్టుకునే ఒళ్లు ఉన్నవారు. ఆ అంకెను అన్నయ్యకు అన్వయించానే తప్ప, ఆ ఒంటిని అన్నయ్యకు నిలబెట్టడం నా పని అనుకోలేదు.

అసలు దెబ్బ డెక్సామెథసోన్ దగ్గర తగిలింది. కణితి చుట్టూ మెదడులో చేరే వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇది. 1961లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు మెదడు కణితుల వాపుకు ఇది పనిచేస్తుందని చూపించాక ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. వాడిన రెండు రోజులకే అన్నయ్య మాట తేటపడింది, చెయ్యి పైకి లేచింది. మాకు దేవుడు కనిపించినట్టయింది. దానితోపాటు ఆకలీ వచ్చింది. తెల్లవారుజామున లేచి, "ఏదన్నా పెట్టవే" అని వదినను అడిగేవాడు. మనిషి తింటున్నాడన్న సంతోషంలో నేను ఆత్రేయపురం పూతరేకులు తెప్పించాను. వదిన వద్దంది. "ఇంత జబ్బులో కూడా నోరు కట్టేయాలా వదినా? తిననివ్వండి" అన్నాను.

షుగరు చూడలేదని కాదు. రోజూ పొద్దున పరగడుపున చూసేవాళ్లం. 118, 124, 110. బాగానే ఉందని నిశ్చింతగా ఉన్నాం. పొద్దున వేసుకున్న స్టెరాయిడ్ ప్రతాపం మధ్యాహ్నం భోజనం దగ్గర్నుంచి రాత్రి దాకా ఎక్కువగా ఉంటుందని, తెల్లారేసరికి షుగరు దిగి అంతా సవ్యంగా ఉన్నట్టు కనబడవచ్చని మాకు తెలీదు. మధ్యాహ్నం తర్వాత వేలు గుచ్చి చూసినవాళ్లకే అసలు సంగతి బయటపడుతుంది. మేం ఆ పని చేయలేదు.

రేడియేషన్ సగంలో ఉండగా అన్నయ్య మత్తుగా ఉండటం మొదలైంది. మాట ముద్దగా వచ్చేది. మాటిమాటికీ నీళ్లు అడిగేవాడు, మాటిమాటికీ బాత్రూముకు వెళ్లేవాడు. ఒక సాయంత్రం పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూశాడు. కణితి పెరిగిందని నేను తీర్మానించేశాను. క్యాజువాలిటీకి తీసుకెళ్లి, ఫైలు చేతిలో పట్టుకుని, "ముందు ఎం.ఆర్.ఐ. తీయండి" అని డ్యూటీలో ఉన్న అమ్మాయితో వాదించాను. పట్టుమని పాతికేళ్లుండవు ఆ డాక్టరమ్మకు. నా మాటకు జవాబు చెప్పకుండా అన్నయ్య వేలు గుచ్చి, ఆ చుక్కను స్ట్రిప్‌కు ఆనించింది. మీటరులో 512 అని పడింది. "షుగర్ అండీ" అంది. సెలైను, ఇన్సులిన్ పెట్టాక మర్నాటికి అన్నయ్య లేచి కూర్చుని, "ఒరేయ్ చిన్నోడా, కాఫీ ఇప్పించరా" అన్నాడు. తర్వాత తీసిన ఎం.ఆర్.ఐ.లో కణితి పెరిగిన జాడ లేదు.

ఆ రాత్రి నుంచి నా చదువు మారింది. 2009లో జర్నల్ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీలో వచ్చిన అధ్యయనం ఒకటి కనిపించింది. కొత్తగా గ్లియోబ్లాస్టోమా అని తేలిన 191 మంది రక్తంలో షుగరు స్థాయిని బట్టి నాలుగు గుంపులు చేశారు. సగటు షుగరు అతి తక్కువగా ఉన్న గుంపులో బతికిన కాలం మధ్యస్థంగా 14.5 నెలలు, అతి ఎక్కువగా ఉన్న గుంపులో 9.1 నెలలు. స్టెరాయిడ్ మోతాదు, రోగి శక్తి వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది. దీన్ని బట్టి షుగరు తగ్గిస్తే ఆయుష్షు ఐదు నెలలు పెరుగుతుందని చెప్పడానికి లేదు. జబ్బు ముదిరినవారికి స్టెరాయిడ్ ఎక్కువ పడుతుంది, దాంతో షుగరూ పెరుగుతుంది, దేనివల్ల ఏది జరిగిందో విడదీయడం కష్టం. కానీ షుగరు విపరీతంగా ఉంటే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, ఆపరేషన్ గాయం మానదు, ఒంట్లో నీరు తగ్గి మనిషి మత్తులోకి పోతాడు, వైద్యం మధ్యలో ఆగిపోతుంది. ఇందులో సందేహం లేదు. నా కళ్లముందే జరిగింది.

ఇక్కడితో బుద్ధి వచ్చి ఉంటే బాగుండేది. రెండో మూర్ఖత్వం మొదటిదానికి వ్యతిరేక దిశలో చేశాను. చక్కెరే క్యాన్సర్‌కు మేత అని ఎక్కడ చూసినా కనబడే మాటను పట్టుకుని అన్నం మానిపించాను. ఇడ్లీ, అరటిపండు, పెరుగన్నం అన్నీ మానిపించాను. కూరముక్కలు, రసాలు, మొలకలు మాత్రమే పెట్టాను. పోషకాహార నిపుణురాలిని అడగలేదు. డాక్టరుకు చెప్పలేదు. మనం అన్నం మానినంత మాత్రాన రక్తంలో చక్కెర లేకుండా పోదు. లివరు తయారుచేస్తుంది. స్టెరాయిడ్ వాడుతున్న ఒంట్లో అయితే కండను కరిగించి మరీ తయారుచేస్తుంది. అంటే కణితికి తిండి లేకుండా చేస్తున్నాననుకుంటూ అన్నయ్య కండరాలను కరిగించడానికి నా వంతు సాయం చేశాను.

అది ముందుగా చూసింది వదిన. "అబ్బాయ్, మీ అన్నయ్య కమోడ్ మీంచి లేవలేక నన్ను పిలుస్తున్నారు" అంది. "కణితి ఎడమవైపు ఉంది కదా వదినా, కుడికాలు బలహీనపడుతుంది" అని పాఠం చెప్పాను. "కుడికాలు కాదయ్యా, రెండు కాళ్లూ" అంది. నేను వినిపించుకోలేదు. తర్వాత ఫిజియోథెరపిస్టు వచ్చి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. అన్నయ్య ముందుకు వంగాడు, ఊపు తెచ్చుకున్నాడు, మళ్లీ కూలబడ్డాడు. మళ్లీ ప్రయత్నించాడు. పంచె కింద తొడలు రెండూ సన్నబడి ఉన్నాయి. కణితి దెబ్బ అయితే ఒక వైపే ఉండేది. రెండు తొడలూ ఒకేలా నీరసించడం స్టెరాయిడ్ చేసే పని. దానికి తిండి తక్కువవడం, మంచం పట్టడం తోడయ్యాయి. వైద్యం చదవని వదిన ఒక్క మాటలో చెప్పిన తేడా, అంత పెద్ద ఫైలు మోసిన నాకు తట్టలేదు.

కణతల దగ్గర, పుర్రెకు బయట, నమలడానికి ఉపయోగపడే కండరం ఒకటి ఉంటుంది. తలకు తీసే ప్రతి ఎం.ఆర్.ఐ.లోనూ అది పడుతుంది. దాని మందం చూస్తే ఒంట్లో మొత్తం కండ ఎలా ఉందో అంచనా వేయవచ్చని, అది పలచబడిన గ్లియోబ్లాస్టోమా రోగులు తక్కువ కాలం బతుకుతున్నారని వియన్నా పరిశోధకులు చూపించారు. ఆ సంగతి చదివాక అన్నయ్య పాత ఫిల్ములు తీసి కిటికీ వెలుగులో పక్కపక్కన పట్టుకుని చూశాను. మొదటి ఫిల్ములో కణత దగ్గర నిండుగా ఉన్న పట్టీ, తర్వాతి ఫిల్ములో సన్నబడి ఉంది. అవే ఫిల్ములను అంతకుముందు ఎన్నోసార్లు చూశాను. ప్రతిసారీ నా చూపు పుర్రె లోపలి తెల్లమచ్చ మీదే ఆగింది.

మూడోది చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. ఒకరోజు అన్నయ్య ఎడమ పిక్క వాచింది. మంచంలో ఉండటంవల్ల నీరు చేరిందనుకుని నువ్వులనూనె రాసి నేనే గట్టిగా మర్దన చేశాను. మెదడులో ఇలాంటి కణితి ఉన్నవారిలో ఐదుగురిలో ఒకరికైనా కాళ్ల లోపలి రక్తనాళాల్లో గడ్డ కడుతుంది. కణితి విడుదల చేసే పదార్థాలు, ఆపరేషన్, కదలిక లేకపోవడం, స్టెరాయిడ్లు అన్నీ కలిసి రక్తాన్ని గడ్డ కట్టేలా చేస్తాయి. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణం పోవచ్చు. మర్దన చేస్తే అది కదిలే ప్రమాదం ఉంది. ఆ రాత్రి అన్నయ్యకు ఆయాసం వచ్చింది. డాప్లర్‌లో కాలిలో గడ్డ, సి.టి.లో ఊపిరితిత్తుల్లో గడ్డ కనిపించాయి. ఐ.సి.యూ.లో ఉంచి హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. బతికాడు. కానీ ఆ నెల మొదలుపెట్టాల్సిన కీమో వాయిదా పడింది. మందు దొరక్క కాదు, డబ్బు లేక కాదు. మందు వేసుకునే స్థితిలో మనిషి లేక.

నా పెత్తనం అక్కడితో ఆగింది. షుగరు డాక్టరుగారు ఇన్సులిన్ మోతాదును స్టెరాయిడ్ వేళలకు తగ్గట్టు మార్చారు. ఆంకాలజిస్టు స్టెరాయిడ్‌ను మెల్లమెల్లగా దించారు. దాన్ని ఇంట్లోవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం, మెట్టుమెట్టుగా డాక్టరే దించాలి. అన్నం మళ్లీ కంచంలోకి వచ్చింది, కొలతగా. గుడ్లు, పప్పు, పెరుగు, చేప పెరిగాయి. రోజూ కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేసేవాడు. మొదట వదిన భుజం పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, ఆ తర్వాత ఏదీ పట్టుకోకుండా.

ఒక ఉదయం నేను వెళ్లేసరికి అన్నయ్య అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. కుడిచేతికి ఇంకా పట్టు లేదు, ఎడమచేత్తో గీసుకుంటున్నాడు. దవడ కింద చిన్న గాటు పడి, సబ్బు నురగలో ఎర్రటి చార కనిపిస్తోంది. నేను చెయ్యి చాచాను. "ఉండరా, నేను చేసుకోగలను" అన్నాడు. డాక్టరుగారు చెప్పే 70 మార్కులంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ఆగిపోయిన కీమో మళ్లీ మొదలైంది, కోర్సు పూర్తయింది. వీధిలో పిల్లలు లెక్కలు తెచ్చుకుంటే చెప్పాడు.

తర్వాత కణితి తిరిగొచ్చింది. ఈ జబ్బులో చాలామందికి అలాగే జరుగుతుంది. అన్నయ్య వెళ్లిపోయాడు. షుగరును ముందునుంచే అదుపులో పెట్టి ఉంటే, కాళ్లలో శక్తి పోకుండా చూసుకుని ఉంటే అన్నయ్య ఈరోజు బతికి ఉండేవాడని నేను అనను. ఆ మాట అబద్ధం. గ్లియోబ్లాస్టోమాను నయం చేసే మందు ఇంకా లేదు. కానీ మత్తులో, ఐ.సి.యూ.లో, లేవలేని కుర్చీలో పోయిన రోజులు జబ్బు తీసుకున్నవి మాత్రమే కావు. వాటిలో కొన్నిటికి నేను బాధ్యుణ్ని. అన్నయ్యకు ఉన్నవే కొద్ది రోజులు కాబట్టి ఆ బాధ్యత చిన్నది కాదు.

మన దేశంలో షుగరు ఉన్నవారు పదికోట్లు దాటారని ఐ.సి.ఎం.ఆర్. 2023లో లెక్క తేల్చింది. అంటే మెదడు కణితి ఆపరేషన్ బల్లమీదకు వచ్చే మనవాళ్లలో షుగరు, బీపీ ఉన్నవారు ఎందరో ఉంటారు. పెద్ద జబ్బు వచ్చాక చిన్న జబ్బులు ఎవరికి పట్టాయని ఇంటిల్లిపాదీ అనుకుంటాం. పెద్ద జబ్బు వచ్చినప్పుడే చిన్న జబ్బులను మరింత గట్టిగా పట్టుకోవాలి. వైద్యం ఇచ్చేది తలకే అయినా భరించాల్సింది మొత్తం ఒళ్లు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు వస్తే, నా మాటగా ఈ పనులు చేయండి. స్టెరాయిడ్ వాడుతున్నంతకాలం పరగడుపుతోపాటు మధ్యాహ్నం భోజనం తర్వాతా, సాయంత్రమూ షుగరు చూసి రాసిపెట్టండి. కొత్తగా మత్తు, ముద్దమాట కనిపిస్తే కణితి అని తీర్మానించుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, షుగరు చూడమని అడగండి. ఒక కాలు వాచితే మర్దన చేయకుండా అదేరోజు డాక్టరుకు చూపించండి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మొదటి వారం నుంచే ఫిజియోథెరపిస్టునూ పోషకాహార నిపుణులనూ అడిగి తెచ్చుకోండి. టెమోజోలమైడ్ మొదలుపెట్టే ముందు హెపటైటిస్-బి పరీక్ష అయిందో లేదో, న్యుమోనియా రాకుండా ఇచ్చే మాత్ర అవసరమో కాదో డాక్టరును అడగండి. అన్నిటికన్నా ముందు, రోగి పక్కన రాత్రీపగలూ ఉండే మనిషి చెప్పేది వినండి. ఆ మనిషి చూసినంత దగ్గరగా ఏ స్కానూ చూడదు.